జామ్ గట్టిపడాలంటే

మా సంఘం గది తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఒక జామ్ సీసా అడ్డం పెట్టి ఉంటుంది. ఖాళీ సీసా కాదు, మూతిదాకా మామిడిపండు జామ్ ఉన్న సీసా. మేం చేసిందే. చెంచా గుచ్చితే చెంచా వంగింది. మా ఆయన తన ప్రతాపం చూపిస్తానని స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే చిన్న పెచ్చు లేచి ఆయన కంటికే తగిలింది. పారేయడానికి మనసొప్పక, తినడానికి పళ్ళొప్పక, చివరికి తలుపు కింద పెట్టాం. అప్పటి నుంచి ఆ తలుపు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఆడవాళ్ళం ఇంతమందిమి ఒక రోజంతా చెమటోడ్చి సాధించింది అది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

మాది పెద్దమందడి దగ్గర ఒక ఊరు. జామ్ అనేది మాకు కిరాణా కొట్లో దొరికే సరుకు. ఎర్రగా, జిగటగా, ఏ పండుతో చేశారో ఆ పండుకే తెలియనట్టుంటుంది. పిల్లలు దాన్ని బ్రెడ్డుకు పూసుకుంటారు. బ్రెడ్డు జ్వరం వస్తే తినేది కాబట్టి జామ్ కూడా మాకు దవాఖాన తిండి కిందే లెక్క. మామిడికాయతో మేం తొక్కు పెడతాం, పండైతే పిసికి రసం తాగుతాం. మంచి పండును చక్కెరలో ఉడికించి సీసాలో బంధించాలన్న తెలివి మా ఊళ్ళో ఎవరికీ పుట్టలేదు. అది జిల్లా ఆఫీసు నుంచి జీపులో వచ్చింది.

ఆ జీపులోంచి ఒక మేడం దిగింది. కళ్ళద్దాలు నెత్తి మీద, ఫోను చేతిలో. మా మహిళా సంఘానికి జామ్ నేర్పడానికి వచ్చానంది. రెండు గంటలు మాట్లాడింది. అందులో గంటన్నర మేం చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పింది. ముప్పై ఏళ్ళుగా వండి పెడుతున్న ఆడవాళ్ళం, బుద్ధిగా చేతులు చాపి చూపించాం. చివరి అరగంటలో పండ్ల గుజ్జు, చక్కెర గిన్నెలో పోసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఏదో పొడి ప్యాకెట్టు తీసి అందులో వేసి కలిపింది. కాసేపటికి జామ్ గట్టిపడింది. అందరం చప్పట్లు కొట్టాం. పొడి ప్యాకెట్టు మళ్ళీ బ్యాగులో పెట్టుకుని, మాకు ఒక జిరాక్స్ కాగితం ఇచ్చింది. కాగితంలో "చెంచా నుంచి జామ్ రేకులా జారే వరకు ఉడికించాలి" అని ఉంది. రేకు అంటే మాకు ఇంటి కప్పు మీదుండేది. అది జారితే మనుషులు చస్తారు.

అయితే పోతూ పోతూ మేడం ఒక మాట చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ వస్తాననీ, మా జామ్ బాగుంటే హాస్టళ్ళకు మా సంఘం నుంచే తీసుకుంటారనీ, మామిడి అయిపోతే జామ, అది అయిపోతే బొప్పాయి, అలా ఏడాది పొడుగునా పని ఉంటుందనీ చెప్పింది.

ఏడాది పొడుగునా పని అనే మాట మా ఎనిమిది మందిలో ఏడుగురికి ఒక రకంగా వినబడింది, ఒకామెకు ఇంకో రకంగా వినబడింది. ఏడుగురం తోటలూ చేలూ ఎంతో కొంత ఉన్నవాళ్ళం. మాకది కాలక్షేపం, కాస్త చేతిఖర్చు, ఊళ్ళో ఇంత పేరు. ఆమె మాత్రం ఊరవతలి వాడ నుంచి వస్తుంది. ఆదివారం చర్చికి, మిగిలిన ఆరు రోజులు ఎవరు పిలిస్తే వాళ్ళ చేనుకు. ఏటా భర్తతో కలిసి పూనె దిక్కు పనికి పోయేది. వాళ్ళు లేనప్పుడు పిల్లల్ని ఆమె అత్త చూసుకునేది. ఆ ముసలామె చలికాలంలో కన్నుమూసింది. కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ మళ్ళీ వచ్చి, ఫలానా ఆదివారం బస్సు అని చెప్పి పోయాడు. ఆ ఆదివారం మేడం వచ్చే రోజుకు సరిగ్గా మూడు రోజుల తర్వాత.

జీపు కదిలిన వెంటనే ఆమె నా దగ్గరికి వచ్చింది. సంఘానికి లీడర్ని నేను, ఎందుకంటే రాయడం, చదవడం నాకు బాగా వచ్చు, నోరు అంతకన్నా బాగా వచ్చు.

"అక్కా, గీ పని నిలబడితే నేను పూనెకు పోను. నేను పోయిన్ననుకో, నా బిడ్డ ఎనిమిదో తరగతిల బడి బంద్ జేసి తమ్ముండ్లకు వండిపెట్టాలె. ఎట్లన్న జేసి నన్ను గీ పనిల పెట్టుకో" అంది.

"పెట్టుకోక ఏం జేస్తం చెల్లె, నువ్వు సంఘం మనిషివే గద!" అన్నాను. మంచినీళ్ళు తాగినంత సులువుగా అన్నాను.

మొదటి విడత కోసం మా తోటలో పండ్లే తెచ్చాం. బాగా పండినవి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు మూతపడేవి. పండు ఎంత మాగితే జామ్ అంత బాగుంటుందని అందరం ఒక్కమాట మీద నిలిచాం. మా సంఘం చరిత్రలో అందరం ఒక్కమాట మీద నిలిచింది అదొక్కసారే, అది కూడా తప్పు మాట. గంటన్నర కలిపినా గిన్నెలో ఉన్నది సాంబారులాగే ఉంది. ఒకామె సగ్గుబియ్యం వేద్దామంది. ఇంకొకామె మైదాపిండి కలుపుదామంది. మా ఆయన ఫోనులో వీడియో చూసి, "ఆపిల్ తొక్కలు ఎయ్యమంటుండు" అని కబురు పంపాడు. పెద్దమందడి మండలంలో ఎండాకాలం ఆపిల్ తొక్కలు ఎక్కడి నుంచి తేవాలో ఆ వీడియో వాడినే అడగమని తిరిగి కబురు పంపాను. సీసాల్లో పోసి మర్నాడు వంచి చూస్తే, అమ్మో, మూత తీయకముందే కారిపోవడానికి సిద్ధంగా ఉంది. అందరి ఇళ్ళలో పిల్లలు దాన్ని గ్లాసుల్లో పోసుకుని తాగారు.

రెండో విడతకు మా అత్తను పిలిచాం. పిలవక తప్పదు. మా ఊళ్ళో మా అత్తది మంచి చెయ్యి. ఈ మంచి చెయ్యి సంగతి చెప్పాలి. మా దగ్గర ఎండాకాలం తొక్కులు పెట్టేటప్పుడు కారం, ఉప్పు, నూనె ఎవరింటివి వాళ్ళవే, కలిపే చెయ్యి మాత్రం మంచిదై ఉండాలి. ఆ చెయ్యి పడితే తొక్కు ఏడాది చెడదు, బూజు పట్టదు. మా అత్త ధరూర్ దిక్కు నుంచి కోడలుగా వచ్చిన మొదటి ఏడే ఆమె చెయ్యి మంచిదని తేలిందట. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం వీధి వీధంతా ఆమెను పిలుస్తారు. ఆమె పోతుంది, గాజులు పైకి తోసుకుంటుంది, మోచేతిదాకా ముంచి కలుపుతుంది, తమలపాకులూ రవికె గుడ్డా తీసుకుని వస్తుంది. నేను పాతికేళ్ళుగా పక్కనుండి చూస్తున్నాను. ఆమె చేసేది ఏమిటంటే జాడీని ఎర్రటెండలో ఒక పూటంతా ఎండబెట్టించడం, వాళ్ళు పోసిన ఉప్పు చాలదని ఇంకో రెండు పిడికిళ్ళు వేయించడం. తడి లేని జాడీలో అంత ఉప్పు వేస్తే నా చెయ్యి పెట్టినా చెడదు, మేస్త్రీ చెయ్యి పెట్టినా చెడదు. కానీ ఈ మాట అంటే మంచి చేతుల వాళ్ళకు కోపం వస్తుంది, చెడ్డ చేతుల వాళ్ళని పేరు పడ్డవాళ్ళకు ఒరిగేదీ లేదు.

మా అత్త వచ్చి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. కాగితం చదివి వినిపించబోతే, "కాయితం పక్కన పెట్టు పిల్లా. పాకం జూసుడు నాకు నేర్పుతవా?" అంది. ఆమెకు తెలిసింది అరిసెల పాకం. పళ్ళెంలో నీళ్ళు పోసి, మరుగుతున్న జామ్ ఒక చుక్క అందులో వేసి, వేళ్ళతో దగ్గరికి తీసింది. అది ఉండ కట్టలేదు. "కాలే, ఇంక మంట వెట్టు" అంది. మళ్ళీ వేసింది. కట్టలేదు. అలా మంట పెడుతూ, కలుపుతూ, చేతులు కాల్చుకుంటూ సాయంత్రం దాకా లాగాం. చివరికి చుక్క ఉండ కట్టింది. పళ్ళెం అంచుకేసి కొడితే టంగుమంది. "గిది పాకమంటే!" అని మా అత్త లేచి నడుము పట్టుకుంది. ఆమెకు అందరం దండాలు పెట్టడమొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే అన్ని సీసాలూ ఆ తలుపు కింద ఉన్న సీసా లాంటివే.

అరిసెలకు ఉండ పాకం కావాలి, జామ్‌కు అంత దూరం పోకూడదు. ఇంత చిన్న సంగతి. కానీ మంచి చెయ్యి ఎలా తప్పు చేస్తుంది? ఒకామె సీసాను నేలకేసి తట్టింది. ఇంకొకామె ముక్కు మీద వేలేసుకుంది. అప్పుడు మా అత్త నిదానంగా అంది: "నేనైతే మంచిగనే జేసిన. ఎవలెవల చేతులు పడ్డయో ఏమో!"

అనగానే ఆరు తలలు వెనక కిటికీ వైపు తిరిగాయి. కిటికీ అవతల నల్లా దగ్గర వాడ నుంచి వచ్చే ఆమె కూర్చుని సీసాలు కడుగుతోంది. ముందు రోజు మామిడిపండ్లు చెక్కు తీసి ముక్కలు కోసింది ఆమే. మాలో అందరికన్నా చకచకా కోసింది.

మా ఊళ్ళో అలాంటి తేడాలు ఇప్పుడు లేవని మేమే చెప్పుకుంటాం. నిజమే, అందరం కలిసే టీ తాగుతాం. మాకు గాజు గ్లాసు, ఆమెకు పేపరు కప్పు. పేపరు కప్పయితే శుభ్రం అని ఒకామె నాతో అంది. అంత శుభ్రమైతే నువ్వూ అందులోనే తాగరాదా అని నేను అడగలేదు. ఇన్నాళ్ళకు కాగితం మీద అడుగుతున్నాను, చూడండి నా ధైర్యం!

ఆ రోజు ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. గట్టిగా అంటే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. "రేపు పండ్లు మేమే కోసుకుంటం" అని ఒకామె, "ఆమెను సీసాల కాడనే ఉండమంటే అయిపాయె" అని ఇంకొకామె, "పాపం, ఆమెకు గూడ అల్కగుంటది" అని మూడో ఆమె. పాపం అన్నామె మీద నాకు అందరికన్నా ఎక్కువ కోపం వచ్చింది. మరి ఊరంతా జడిసే నోరు నాది కదా, నేనేమన్నానో తెలుసా? నల్లా దగ్గరికి పోయి ఆమెతో, "రేపు నువ్వు జర ఆల్సంగ రా చెల్లె, పొద్దుగాల నీకు పని లేదు" అన్నాను. నవ్వుతూ అన్నాను కూడా. ఆమె సీసా మూతి బోర్లించి, "అట్లనే అక్కా" అంది.

ఆ సాయంత్రం మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. కొంగు కింద ఒక చిన్న స్టీలు డబ్బా. ముందు వాకిట్లో మా అత్త ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె డబ్బా గుమ్మం మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

"జర మూత తీసి సూడు అక్కా."

తీశాను. లోపల జామ్! వంచితే కారలేదు, రాయిలా నిలబడనూ లేదు. బరువుగా, నిదానంగా, ఒక పక్కకు ఒరిగింది. పైన తళతళమంటోంది. గాలికి రాలిన కాయలు ఏరుకుని, ఇంటి ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద చేసిందట.

"నీకెట్ల వచ్చె?" అన్నాను. నా గొంతులో మెచ్చుకోలు కన్నా ఉక్రోషమే ఎక్కువ ఉంది.

రెండేళ్ళ కిందట పూనె అవతల కొండల్లో వాళ్ళాయనకు కట్టుబడి పని దొరికితే, ఆమె ఒక చలికాలమంతా పక్కనే పండ్ల షెడ్డులో చేసిందట. స్ట్రాబెర్రీలు తొడిమలు తీసే పనికి పెట్టుకున్నారు. వంట చేసే మనిషి పక్కనే తొడిమలు తీస్తూ కూర్చుని అంతా చూసింది. మేడం ఆ రోజు మాకు నేర్పుతున్నప్పుడు ఆమెకివన్నీ తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు అంటే, "నన్నెవలు అడిగిండ్రు అక్కా?" అంది. అందులో దెప్పు లేదు, ఉన్నమాట చెప్పింది.

తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. "మాగిన పండే ఎస్తే గట్టిపడదు అక్కా. నాలుగు పాళ్ళ పండుకు ఒక పాలు దోరకాయ ఎయ్యాలె. నిమ్మకాయ పిండినంక గింజలు పారెయ్యొద్దు, పలసటి బట్టల మూటగట్టి ఉడికేటప్పుడు అండ్లనే ఎయ్యాలె, జిగురంత గింజలనే ఉంటది. పాకం సూడొద్దు. పొయ్యి మీదున్నప్పుడు గది నీళ్ళలెక్కనే కొడ్తది, సల్లారినంకనే బిగుస్తది. స్టీలు పళ్ళెం సల్లగ జేసి పెట్టుకో. అండ్ల ఒక సుక్క ఎయ్యి, జరసేపాగి యేలుతోని నెట్టు. పైన ముడత పడాలె, ముసలవ్వ చేతి తోలు లెక్క. ముడత పడంగనే దించు. సీసాల పోసినంక రేపటిదాంక కదపొద్దు."

"రేపు నువ్వే వచ్చి చేయరాదా?" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను.

"నేను ముట్టుకోను అక్కా. నువ్వు చెయ్. నేను నల్లా కాడికెల్లి చెప్త. మేడం మెచ్చుకుంటే నా పేరు గూడ రాస్తవు గద, గంతే సాలు" అంది.

డబ్బా నాకే ఇచ్చి పోయింది. వంటింట్లో పెట్టాను. రాత్రి అన్నాల వేళ మా అత్త జొన్నరొట్టె విరిచి, ఆ డబ్బా చూసి, వేలితో ఇంత తీసి రొట్టెకు రాసుకుంది. వద్దనబోయి ఆగాను. తిన్నది. ఇంకో ముక్క విరిచింది. డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నది. తిని, "మంచిగ కుదిరింది పిల్లా. ఇగ నా చెయ్యి నీకొచ్చినట్టే!" అంది. నేను అది ఎవరు చేశారో చెప్పలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను. ఏదో మా అత్త మీద గెలిచినట్టు, ఆమెకు తెలియకుండా ఆమెకు బుద్ధి చెప్పినట్టు మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

మర్నాడు పొయ్యి దగ్గర నేనే నిలబడ్డాను. ఆమె కిటికీ అవతల సీసాలు కడుగుతూ మధ్య మధ్యలో తలెత్తకుండా చెప్పేది. మిగతావాళ్ళు వింటూనే ఉన్నారు, విననట్టే ఉన్నారు. గదిలో ఫ్రిజ్ లేదు. పళ్ళెం ఎలా చల్లబరచాలా అని నేను చూస్తుంటే, "రంజన్ల నీళ్ళ మీద తేలెయ్యి అక్కా" అంది. రంజన్ మేం తాగే మట్టికుండ. ఎండాకాలం ఫ్రిజ్ నీళ్ళను మించి చల్లగా ఉంటుంది. ఆ రంజన్‌లో ఆమె ఎన్నడూ గ్లాసు ముంచలేదు, మేమే తీసి పోస్తాం. పళ్ళెం తేలేశాను. జామ్ చుక్క వేశాను. పళ్ళెం కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఊచల మధ్య నుంచి చూపించాను.

చూడటానికి ఆమె ముందుకు వంగింది. వంగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే నెట్టు అక్కా" అంది.

వేలితో నెట్టాను. ముడత పడలేదు. "ఇంకో రెండు పొంగులు రానియ్యి" అంది. రెండోసారి నెట్టాను. సన్నగా, అంచు నుంచి లోపలికి ముడత పడింది. ఆమె మొహం వెలిగింది. "ఇగ దించు, దించు!" అని చిన్నపిల్లలా అరిచింది. నా సంతోషం చెప్పలేను. ఆ క్షణంలో ఆమె మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టి ఏం లాభం!

మేడం చెప్పిన రోజే వచ్చింది. కళ్ళద్దాలు ఆ రోజు కూడా నెత్తి మీదే. సీసా వంచింది, చెంచాతో తీసింది, నోట్లో పెట్టుకుంది. "పౌడర్ లేకుండా ఇలా ఎలా వచ్చింది? ఎవరు చేశారు?" అని అడిగింది. ఎవరో "మా లీడరే" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మా అత్త, "మా కోడలే. మా ఇంటి చెయ్యి" అంది. మేడం నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఆమె నల్లా దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. నేను నవ్వాను. కాదు అనలేదు, అవును అనలేదు, నవ్వాను.

తర్వాత మేడం ఒక ఫారం తీసి, పొయ్యి దగ్గర పనికి ఐదుగురి పేర్లు రాసివ్వమంది. ఐదుగురికే అనుమతి అట. మాలో ఒకామె కూతురి కాన్పుకు పోవాలంది. ఇంకొకామెకు పొయ్యి సెగ పడదు. ఇక మిగిలింది ఆరుగురం. పెన్ను నా చేతిలో ఉంది. నా చుట్టూ నలుగురు నిలబడి నా చేతినే చూస్తున్నారు. నోరు తెరిచి అడగాల్సిన అవసరం వాళ్ళకేముంది? నా పేరు రాశాను. ఆ నలుగురి పేర్లూ రాశాను. సంఘం చీలిపోతుంది, అందరూ లేచిపోతే జామ్ పని మొత్తం పోతుంది, ముందు పని నిలబడనీ, వచ్చే నెల ఆమెను ఎలాగోలా కలుపుదాం... రాస్తున్నంత సేపూ ఇవన్నీ అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, సాకులు కూడా వరుసలో వచ్చాయి. ఫారం మేడం చేతికి ఇచ్చేటప్పుడు చూస్తే నల్లా దగ్గర ఆమె లేదు. సీసాలు కడిగి, వరుసగా బోర్లించి పోయింది.

ఆదివారం బస్సెక్కే ముందు మళ్ళీ మా పెరటి గుమ్మానికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని.

"పోయొస్త అక్కా. నా డబ్బా ఇస్తవేమోనని వచ్చిన" అంది. కడిగి ఇచ్చాను. తీసుకుని, రెండడుగులు పోయి, ఆగి, "వానలు పడ్డంక పండుకు నీరు పడ్తది. అప్పుడు నిమ్మగింజలు ఇంకో పిడికెడు ఎయ్యి, మర్సిపోకు" అని చెప్పి పోయింది.

మా జామ్ హాస్టళ్ళకు పోతోంది. మా ఐదుగురికీ తెల్లటి టోపీలు ఇచ్చారు, అవి పెట్టుకుని ఫొటో దిగాం. వచ్చే నెల ఆమెను కలుపుదామన్న ఆ వచ్చే నెల రాలేదు. నేనూ దాన్ని రమ్మనలేదు.

ఈ ఎండాకాలం చివర్లో వానలు ముందే పడ్డాయి. పండులో నీరెక్కువ. గింజలు ఇంకో పిడికెడు వేశాను, దోరకాయ పెంచాను, ఎన్నిసార్లు నెట్టినా ముడత పడలేదు. మర్నాడు సీసాలు పంపాలి. మిగతా నలుగురూ టోపీలు పెట్టుకుని నా మొహం చూస్తున్నారు, ఇదివరకు మా అత్త మొహం చూసినట్టే. ఇక లాభం లేదని బయటికి పోయి, నల్లా దగ్గర నిలబడి, ఆమెకు ఫోను చేశాను. పోయినప్పటి నుంచి చేయడం అదే మొదటిసారి.

వెనక మిషన్ల చప్పుడు. ఎన్నో అంతస్తు మీద ఉందట, చప్పుడుకు దూరంగా జరిగి మాట్లాడింది. నా బాగోగులు అడిగింది, మా అత్త మోకాళ్ళ నొప్పులు అడిగింది. నేను మాత్రం పలకరింపు కూడా పూర్తికాకుండానే జామ్ సంగతి ఎత్తుకున్నాను.

"గిన్నె వెడల్పుదేనా అక్కా? నిండ పోయొద్దు, సగమే పొయ్యి. నీరు జల్ది ఎగిరిపోతది. పళ్ళెం సల్లగున్నదా?"

ఫోను చెవికి పెట్టుకునే లోపలికి పోయాను. సగం గుజ్జు వేరే గిన్నెలోకి తీశాను. మంట పెంచాను. ఆమె అక్కడ మేస్త్రీ కేకలు వినిపిస్తున్నా ఫోను పెట్టేయకుండా ఆగింది. పళ్ళెంలో చుక్క వేసి నెట్టాను.

"పడిందా అక్కా?"

"పడింది చెల్లె."

"ఇగ దించు" అంది, ఆ రోజులాగే.

అప్పుడు అడిగాను, బిడ్డ ఎట్లుంది అని. "బడి ఆనాడే బంద్ జేసింది గద అక్కా. ఇగ ఊళ్ళె ఎందుకని మొన్న ఈడికే తోల్కొచ్చిన. నా పక్కనే ఉన్నది, ఇటుకలందిస్తుంది. మాట్లాడ్తవా?" అంది. జామ్ మాడుతోందని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త వంటింట్లో రొట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. ఎవరి మీదో చూపించాల్సిన కోపం నాకు నిలువెల్లా ఉంది. ఆమె కనిపించింది. కొత్త జామ్ డబ్బా ఆమె ముందు ఠప్పున పెట్టి, "అత్తమ్మా, నీకొక సంగతి చెప్పాలె. ఆనాడు స్టీలు డబ్బాల జామ్ తిని మా ఇంటి చెయ్యి అన్నవు గద, అది నేను చెయ్యలే. ఆమె చేసింది. ఆమె చేతిదే నువ్వు నాకి నాకి తిన్నవు!" అన్నాను.

ఆమె మొహం మాడిపోతుందనుకున్నాను. దాని కోసమే అన్నాను.

మా అత్త రొట్టె విరుస్తూ, "తెల్సు" అంది.

"తెల్సా?"

"ఆ డబ్బా మనింట్లది గాదు. గది ఎవలింట్లదో తెల్వనంత ముసలిదాన్ని కాలే."

"తెలిసే తిన్నవా?"

"మంచిగున్నది, తిన్న."

"మరి మేడం వచ్చిననాడు అందరి ముంగట ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

మా అత్త తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"నువ్వెందుకు చెప్పలే?" అంది.

అని, డబ్బా దగ్గరికి లాక్కుని, రొట్టెకు జామ్ రాసుకుని తినడం మొదలుపెట్టింది.